మోకాలి నొప్పికి గంజాయి నూనె సరే, గుండె సంగతేంటి?

తిరుపతిలో అరవై దాటినవాళ్లున్న కొన్ని ఇళ్లలో మందుల డబ్బా తెరిస్తే ఈమధ్య రెండు కొత్త సరుకులు కనబడుతున్నాయి. ఒకటి ఆన్‌లైన్‌లో, ఫోన్ కన్సల్టేషన్ చీటీతో తెప్పించుకున్న 'విజయ' (ఆయుర్వేదంలో గంజాయి పేరు) నూనె, చుక్కల సీసా. రెండోది అమెరికాలో ఉన్న కొడుకో కూతురో సూట్‌కేసులో పెట్టి తెచ్చిన గంజాయి గమ్మీల (నమిలే మిఠాయిల) డబ్బా. ఒకటి మోకాళ్ల నొప్పికి, ఇంకొకటి నిద్రకు. అదే డబ్బాలో పక్కనే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అటోర్వాస్టాటిన్, మెటోప్రొలాల్, టెల్మిసార్టాన్ పట్టీలు. గుండెకు స్టెంట్ వేసిన మనిషి డబ్బా అన్నమాట. ఈ రెండు రకాల సరుకూ ఒకే డబ్బాలో చేరడం గురించే ఈ వ్యాసం.

నా వాదన ఒక్క ముక్కలో చెప్పేస్తాను. యాభై దాటి, బీపీయో షుగరో పాత గుండెజబ్బో ఉన్న మనిషి నొప్పికోసమో నిద్రకోసమో టీహెచ్‌సీ (గంజాయిలో మత్తునిచ్చే పదార్థం) ఉన్న మందు వాడటం గిట్టుబాటు కాని బేరం. డాక్టరు చీటీ మీద వచ్చిందా, దమ్ము కొడితే వచ్చిందా, ఆయుర్వేదమా, అమెరికా సరుకా అన్న తేడాలు గుండెకు పట్టవు. దానికి తెలిసేది మూడే: టీహెచ్‌సీ ఎన్ని మిల్లీగ్రాములు, ఏ దారిన లోపలికి వచ్చింది, వచ్చిన వేళకు గుండె ఏ స్థితిలో ఉంది.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. గంజాయి మొక్కలో పేరున్న పదార్థాలు రెండు. మత్తునిచ్చేది టీహెచ్‌సీ, మత్తు లేనిది సీబీడీ. టీహెచ్‌సీ రక్తంలోకి రాగానే నాడి వేగం పెరుగుతుంది. మామూలు కంటే 20 శాతం నుంచి, మోతాదు ఎక్కువైతే 100 శాతం దాకా కూడా పెరగొచ్చు. అంటే 72 కొట్టుకునే నాడి 90కి పోవచ్చు, 140కీ పోవచ్చు. పొగ తాగితే నిమిషాల్లో మొదలై రెండు మూడు గంటలుంటుంది. పడుకుని ఉంటే బీపీ కాస్త పెరుగుతుంది, లేచి నిలబడితే పడిపోతుంది. గుండె ఎక్కువ పనిచేస్తోంది కాబట్టి దానికి ఎక్కువ ఆక్సిజన్ కావాలి. రక్తనాళం పూడికతో ఇరుకైన మనిషిలో ఆ అదనపు సరఫరా జరగదు. అదే ఛాతీ నొప్పి. దీనికి తోడు రక్తనాళం లోపలి పొర సాగే గుణం తగ్గుతుంది, రక్తకణికలు గడ్డకట్టడానికి ఎక్కువ మొగ్గు చూపుతాయి, కొందరిలో నాళం ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది.

పొగ తాగితే ఇంకో దెబ్బ కూడా ఉంది. 1988లో అమెరికాలో ఒక కొలత తీశారు. అదే పరిమాణం పొగాకు సిగరెట్టుతో పోలిస్తే గంజాయి చుట్ట తాగినప్పుడు రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్ ఐదు రెట్లు పెరిగింది, ఊపిరితిత్తుల్లోకి చేరిన తారు మూడు రెట్లయింది. లోతుగా పీల్చి, పొగను లోపల బిగబట్టడమే కారణం. 'సిగరెట్టు మానేశానప్పా, ఇది ఆకే కదా, ఏమైతాది' అనేవాళ్లు ఈ లెక్కను ఒకసారి చూడాలి. ఆక్సిజన్ మోయాల్సిన రక్తం మోయలేని వేళే గుండె ఇంకా ఇంకా అడుగుతుంది.

1974లో ఛాతీ నొప్పి ఉన్న 10 మంది మీద ఒక చిన్న ప్రయోగం చేశారు. వ్యాయామం చేయిస్తూ, నొప్పి ఎంతసేపటికి వస్తుందో కొలిచారు. టీహెచ్‌సీ తీసేసిన ఉత్తుత్తి చుట్ట తాగాక ఆ సమయం 8.6 శాతం తగ్గింది. అసలు గంజాయి చుట్ట ఒక్కటి తాగాక 48 శాతం తగ్గింది. పది నిమిషాలు నడవగలిగే మనిషి అయిదు నిమిషాలకే ఆగిపోతాడు. యాభై ఏళ్లనాటి ప్రయోగం, పదిమందే మనుషులు, నిజమే. కానీ ఆ తర్వాత వచ్చిన పెద్ద లెక్కలేవీ దాన్ని కొట్టిపారేయలేదు.

2001లో అమెరికాలో గుండెపోటు వచ్చి బతికిన 3,882 మందిని అడిగి లెక్కవేస్తే, గంజాయి తాగిన తర్వాతి ఒక గంటలో గుండెపోటు వచ్చే అవకాశం 4.8 రెట్లు పెరిగినట్టు తేలింది. ఈ అంకెను పత్రికల్లో భయపెట్టడానికి వాడతారు, గంజాయి అభిమానులేమో నవ్వి వదిలేస్తారు. నిజానికి దీన్ని కాగితం మీద పెట్టి గుణించాలి. స్టెంట్ ఉన్న ఒక మనిషికి ఏడాదిలో గుండెపోటు వచ్చే అవకాశం 2 శాతం అనుకుందాం (ఇది ఉదాహరణకే). ఏడాదికి 8,760 గంటలు. ఒక్కసారి తాగితే ఒక గంట ముప్పు 4.8 రెట్లు, అంటే 3.8 గంటల అదనపు ముప్పు. 8,760లో 3.8 లెక్కలోకి వచ్చేది కాదు. కాబట్టి 'ఒక్క దమ్ముకే చచ్చిపోతారు' అనేది అబద్ధం. అదే మనిషి మందని చెప్పి రోజూ ఒకసారి తీసుకుంటే 365ని 3.8తో గుణించాలి, 1,387 గంటలు. అంటే ఏడాది ముప్పు దాదాపు 16 శాతం పెరిగి, 2 శాతం కాస్తా 2.3 అవుతుంది. రోజుకు మూడుసార్లంటే దాదాపు 3 శాతం. వైద్యం పేరుతో వాడకానికీ సరదా వాడకానికీ అసలు తేడా ఇక్కడే ఉంది. సరదాకు తాగేవాడు శనివారం తాగుతాడు. మందుగా వాడేవాడు రోజూ, నెలల తరబడి, అదీ గుండె పాతబడిన వయసులో వాడతాడు.

మందుగా వాడినవాళ్ల మీదే చేసిన లెక్క డెన్మార్క్ నుంచి వచ్చింది. ఆ దేశంలో 2018 నుంచి డాక్టర్లు దీర్ఘకాలపు నొప్పికి గంజాయి మందులు రాస్తున్నారు. 2024లో అచ్చయిన ఆ అధ్యయనంలో మందు తీసుకున్న 5,391 మందిని, అలాంటి నొప్పులే ఉండి తీసుకోని 26,941 మందితో పోల్చారు. తీసుకున్నవాళ్ల మధ్య వయసు 59, ఎక్కువమంది ఆడవాళ్లే. మన మోకాళ్ల నొప్పుల గుంపు లాంటిదే. ఆరు నెలల్లో కొత్తగా గుండె లయ తప్పడం మందు వాడినవాళ్లలో 0.8 శాతం, వాడనివాళ్లలో 0.4 శాతం. రెట్టింపు అంటే గుండె గుభేలుమంటుంది. వెయ్యిమందిలో నలుగురికి బదులు ఎనిమిది మంది అంటే ఫరవాలేదనిపిస్తుంది. రెండూ ఒకే అంకె. గుండెపోట్ల విషయంలో అదే అధ్యయనం చెప్పుకోదగ్గ తేడా చూపలేదు, అదీ చెప్పాలి. ఇక్కడ నాకు ముఖ్యంగా తోచేది వేరు. లయ తప్పిన గుండెలో రక్తం గడ్డకట్టి మెదడుకు పోతే పక్షవాతం. అందుకని లయ తప్పినవాళ్లలో చాలామందికి ఆపైన రక్తం పలచబరిచే మందు మొదలవుతుంది, బతికినన్నాళ్లూ. మోకాలి నొప్పి కోసం మొదలైన కథ అక్కడికి చేరుతుంది.

2024లోనే అమెరికాలో 4,34,104 మంది సర్వే సమాధానాలతో ఇంకో లెక్క వచ్చింది. రోజూ వాడేవాళ్లలో గుండెపోటు 25 శాతం, పక్షవాతం 42 శాతం ఎక్కువ. పొగాకు ఎన్నడూ ముట్టనివాళ్లను వేరుచేసి చూసినా ఆ పోకడ మారలేదు. 2025లో 24 అధ్యయనాలను కలిపి చూస్తే గంజాయి వాడేవాళ్లలో గుండెజబ్బుతో చనిపోవడం రెట్టింపు అని వచ్చింది. అదే ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కోలో పొగ తాగేవాళ్లనీ, తినేవాళ్లనీ పొగాకు అలవాటు లేని వాళ్లలోంచే ఎంచుకుని రక్తనాళాలు పరీక్షిస్తే రెండు గుంపుల్లోనూ నాళం సాగే గుణం తగ్గి కనబడింది. 'పొగ కాదు, గమ్మీయే కదా' అన్న సమర్థింపు దాంతో చాలావరకు వీగిపోయింది.

అన్ని లెక్కలూ ఒకవైపే మొగ్గుతున్నాయని చెబితే మోసమవుతుంది. అమెరికాలో ఐదువేల పైచిలుకు యువకులను పాతికేళ్లకు పైగా వెంటాడిన ఒక అధ్యయనం, నడివయసు వచ్చేసరికి గంజాయి వాడకానికీ గుండెజబ్బుకూ సంబంధం కనబడలేదని 2017లో చెప్పింది. పైగా ఇవన్నీ గమనించి రాసుకున్న లెక్కలే, చీట్లు వేసి సగం మందికి మందు, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి తేల్చినవి కావు. చాలావాటిలో ఎవరెంత వాడారో వాళ్లు చెప్పిందే నమ్మాలి. అయినా నాడి పెరగడం, ఛాతీ నొప్పి త్వరగా రావడం ప్రయోగశాలలో కళ్లారా చూసినవి. పెద్ద లెక్కలు ఆ చూసినదానికి సరిపోతున్నాయి. పాతికేళ్ల కుర్రవాడికి ఊరటనిచ్చే అధ్యయనం అరవయ్యేళ్ల స్టెంట్ మనిషికి పనికిరాదు. అందులోనూ మనవాళ్లకు. 52 దేశాల్లో చేసిన ఒక అధ్యయనంలో దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు వచ్చే మధ్య వయసు 53, మిగతావాళ్లకు దాదాపు 59. అమెరికా పుస్తకాల్లో 'వృద్ధులు జాగ్రత్త' అని రాస్తే, దాన్ని మనం ఐదారేళ్లు ముందుకు జరుపుకుని చదవాలి.

ఇప్పుడు సీసా సంగతి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టం గంజాయి అంటే పూసిన, కాసిన కొసలని చెప్పింది. బంకను చరస్ అంది. విడిగా ఉన్న ఆకునూ గింజనూ ఆ నిర్వచనంలోంచి వదిలేసింది. ఆ సందులోంచే ఆయుర్వేద లైసెన్సుతో ఆకు మందులు వస్తున్నాయి. భంగును, అంటే గంజాయి ఆకును, విష ద్రవ్యాల జాబితాలో పెట్టారు కనుక వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక సీసా మీద ఉండి తీరాలి. అమెరికా గమ్మీలకు ఈ వెసులుబాటు లేదు. సూట్‌కేసులో దొరికితే అది కేసే, తెచ్చింది కొడుకైనా అల్లుడైనా. వయసైపోయిన తల్లిదండ్రుల పేరుమీద ఉన్న సామానులో అది పెట్టి పంపడమేమిటో నాకు అర్థం కాదు.

'మన పూర్వీకులు వాడలేదా' అంటారు. వాడారు. జాతీఫలాది చూర్ణంలో భంగు ఆకు ఉంటుంది, విరేచనాల జబ్బుకు ఇస్తారు. కానీ ఆ ఆకును శుద్ధి చేస్తారు, జాజికాయ, లవంగం లాంటి ఎన్నో దినుసుల్లో అదొకటి, ఇచ్చేది కాస్త చూర్ణం, అదీ కొన్నాళ్లు. ఇప్పటి సీసాలో ఉన్నది ఆకు కాదు, ఆకు నుంచి తీసి చిక్కబరిచిన సారం. శనగలంత ఆకు ముద్దకూ ఈ సారానికీ మధ్య చల్లకూ సారాకూ ఉన్నంత దూరం ఉంది.

సీసా మీద '30 మి.లీ., 1000 మి.గ్రా.' అని ఉందనుకోండి. అంటే ఒక మి.లీ.లో 33 మి.గ్రా. సారం. డ్రాపరును బట్టి మి.లీ.కు 20 నుంచి 30 చుక్కలు పడతాయి. 20 అనుకుంటే చుక్కకు 1.67 మి.గ్రా. అందులో టీహెచ్‌సీ, సీబీడీ సగం సగం ఉంటే చుక్కకు టీహెచ్‌సీ 0.83 మి.గ్రా. చీటీ మీద 'పది చుక్కలు' అని ఉంటే అది 8.3 మి.గ్రా. టీహెచ్‌సీ. దాన్ని దేనితో పోల్చాలి? అమెరికాలో 1985 నుంచి ఆమోదం ఉన్న కృత్రిమ టీహెచ్‌సీ మాత్ర డ్రోనబినాల్ మొదలుపెట్టే మోతాదు 2.5 మి.గ్రా. అంటే ఈ సీసాలో మూడు చుక్కలు. చాలా సీసాల మీద 1000 మి.గ్రా. అని పెద్దక్షరాలుంటాయి, అందులో టీహెచ్‌సీ ఎంతో వెతికినా దొరకదు. ల్యాబ్ పరీక్ష కాగితం అడగండి, బ్యాచ్ నంబరు సీసా మీది నంబరుతో కలవాలి. ఇవ్వనంటే ఆ సీసా వద్దు. చుక్కలు లెక్కపెట్టడం కన్నా సూది లేని 1 మి.లీ. సిరంజీతో కొలవడం నయం, వయసు మళ్లినవాళ్ల చేతులు వణుకుతాయి కాబట్టి.

లేబులు ఉన్నా నమ్మకం అంతంతే. అమెరికాలో ఆన్‌లైన్‌లో అమ్మే 84 సీబీడీ సరుకులు కొని పరీక్షిస్తే లేబులుకు సరిపోయినవి 31 శాతమే. సీబీడీ మాత్రమేనని అమ్మినవాటిలో 18 సరుకుల్లో టీహెచ్‌సీ దొరికింది. 2017 నాటి లెక్క ఇది. గట్టి నిబంధనలున్న చోటే అట్లుంటే కొరియర్‌లో వచ్చే సీసాకు పూచీ ఎవరు?

తినే సరుకు చేసే అసలు మోసం ఆలస్యంలో ఉంది. పొగ అయితే నిమిషాల్లో తెలుస్తుంది, చాలనిపించి ఆపుతారు. గమ్మీ కడుపులోంచి కాలేయానికి పోయి, అక్కడ ఇంకాస్త బలమైన రూపానికి మారి వస్తుంది. మొదలవ్వడానికి 30 నుంచి 90 నిమిషాలు, పతాక స్థాయికి 2 నుంచి 4 గంటలు, దిగడానికి 6 నుంచి 8 గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. నెయ్యి వేసిన అన్నం తర్వాత తింటే ఇంకా ఎక్కువ పడుతుంది. గంటకు ఏమీ తెలియక 'ఇది పనిచేయలేదు' అని రెండోది తింటారు. రెండూ కలిసి ఒకేసారి పైకి వస్తాయి. 2019లో కెనడా వైద్య పత్రికలో వచ్చిన కేసు ఇదే తరహా. డెబ్బయ్యేళ్లాయన, నిలకడగా ఉన్న గుండెజబ్బు, మందులు సరిగ్గా వాడుతున్నాడు. నొప్పికీ నిద్రకూ అని 90 మి.గ్రా. టీహెచ్‌సీ ఉన్న లాలీపాప్ తీసుకుని చాలావరకు తినేశాడు. భయం, భ్రమలు, ఛాతీ నొప్పి, ఆపైన గుండెపోటు. 90ని 2.5తో భాగించి చూసుకోండి.

మన ఊళ్లో దీనికి కొండ తోడవుతుంది. మోకాళ్ల నొప్పితో నడకదారిన వెళ్లాలనుకునే పెద్దావిడ, తెల్లవారి ఐదింటికి అలిపిరి పాదాల మండపం దగ్గర ఒక గమ్మీ నోట్లో వేసుకుందనుకుందాం. మొత్తం 3,550 మెట్లు. మొదట్లో గాలిగోపురం దాకా ఏటవాలు గట్టిది, ఆయాసం అక్కడే మొదలవుతుంది, కానీ మందు ఇంకా పైకి రాలేదు కాబట్టి 'బాగానే ఉంది' అనిపిస్తుంది. గాలిగోపురం దాటాక దారి నెమ్మదిస్తుంది. ఏడింటి నుంచి తొమ్మిది మధ్య మందు పతాకంలో ఉంటుంది. అరవై దాటినవాళ్లు నాలుగైదు గంటల్లో నడిచే లెక్కన చూస్తే ఆ వేళకు సరిగ్గా మోకాళ్ల పర్వతం దగ్గర, నిట్టనిలువు మెట్ల ముందు ఉంటారు. నొప్పి తగ్గింది కాబట్టి ఆగాలని అనిపించదు. గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్ వేసుకుని ఉంటే దడ కూడా అంతగా తెలియదు. శరీరం ఇచ్చే రెండు హెచ్చరికలూ నోరు మూసుకున్నాయి, గుండె మీది బరువు మాత్రం పెరిగింది. 1974 ప్రయోగంలో ఆ పదిమందిని యంత్రం పక్కన డాక్టరుంటే వ్యాయామం చేయించారు. ఇక్కడ పక్కన ఉండేది మజ్జిగ అంగడి. దీర్ఘకాలపు జబ్బులున్న పెద్దవాళ్లు నడవొద్దని టీటీడీ ఎలాగూ చెబుతూనే ఉంటుంది. దర్శనం క్యూ కంపార్టుమెంటులో గంటలకొద్దీ కూర్చుని చటుక్కున లేచినా ఇబ్బందే. ప్రొస్టేటుకు టామ్సులోసిన్, బీపీకి టెల్మిసార్టాన్ వాడే పెద్దాయన లేవగానే కళ్లు తిరిగి పడితే, తుంటి ఎముక విరగడానికి ఆ ఒక్క పాటు చాలు.

మందుల మధ్య తగాదా గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఇక్కడ 'మత్తు లేని మంచి బిడ్డ' అని పేరున్న సీబీడీయే పెద్ద తంటా. కాలేయంలో మందులను మార్చే ఎంజైములు కొన్నిటిని సీబీడీ అడ్డుకుంటుంది. క్లోపిడోగ్రెల్ మింగిన రూపంలోనే పనిచేయదు, కాలేయం దాన్ని మార్చాకే స్టెంట్‌లో గడ్డ కట్టకుండా కాపాడుతుంది. ఆ మార్చే ఎంజైమునే సీబీడీ అడ్డుకుంటే మాత్ర మింగినట్టే ఉంటుంది, కాపలా తగ్గుతుంది. స్టెంట్ వేసిన మొదటి ఏడాదిలో ఈ జూదం ఆడకూడదు. రక్తం పలచబరిచే వార్ఫరిన్ విషయం దీనికి తిరగబడి ఉంటుంది. దాని బలం పెరిగి ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే అంకె) ఎక్కిపోతుంది, రక్తస్రావం. కీళ్లవాతం జ్వరం వల్ల కవాటం చెడి లోహపు కవాటం వేయించుకున్నవాళ్లు మన జిల్లాల్లో తక్కువేమీ కారు, వాళ్లంతా వార్ఫరిన్ లాంటి మందు మీదే ఉంటారు. అటోర్వాస్టాటిన్ రక్తంలో పెరిగితే కండరాల నొప్పులు వస్తాయి. ఇక్కడే తమాషా. తొడలు, పిక్కలు నొప్పెడుతున్నాయని మనిషి ఇంకో ఐదు చుక్కలు వేసుకుంటాడు. ఈ ప్రభావాలు సీబీడీ వందల మి.గ్రా.ల్లో ఉన్నప్పుడు గట్టిగా కనబడతాయి, తక్కువ మోతాదులో తేలికగా ఉండొచ్చు. కానీ సీసాలో ఎంతుందో తెలియని స్థితిలో 'తక్కువే' అని ఎవరు చెబుతారు?

దీనికి వచ్చే గట్టి ఎదురుప్రశ్న ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. 'నొప్పి మాత్రలు గుండెకు మంచివా మరి?' కావు. డైక్లోఫెనాక్, ఎటోరికాక్సిబ్ లాంటివి రోజూ మింగితే గుండెపోటు ముప్పు పెరుగుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి, బీపీ ఎక్కుతుంది. మందుల షాపులో చీటీ లేకుండా పది మాత్రల పట్టీ చేతిలో పెట్టడం గంజాయి నూనె కన్నా తక్కువ తప్పేమీ కాదు. కాబట్టి ఆ మాత్రల నుంచి తప్పించుకోవాలన్న కోరిక న్యాయమైనదే. కానీ దానికి బదులు వెతికేటప్పుడు ముందు చూడాల్సింది మోకాలి మీద రాసే డైక్లోఫెనాక్ జెల్, లోపలికి పోయేది కొంచెమే. తర్వాత పారాసిటమాల్, కాలేయం చూసుకుని. తొడ ముందు కండరానికి వ్యాయామం: కుర్చీలో కూర్చుని కాలు చాచి ఐదు సెకన్లు నిలపడం, కాలుకు పదేసి సార్లు, పూటకోసారి. ఐదు కిలోల బరువు తగ్గితే మోకాలికి తెలుస్తుంది. ఇవేవీ ఆన్‌లైన్‌లో మెరిసే సీసాల్లో రావు, అందుకే ఎవరూ ప్రకటనలివ్వరు. గంజాయి నొప్పికి చేసే మేలు ఎంతో కూడా చూడాలి. 2021లో అంతర్జాతీయ నిపుణుల బృందం లెక్కలన్నీ కూడితే, ఉత్తుత్తి మందుతో పోలిస్తే చెప్పుకోదగ్గ ఉపశమనం అదనంగా పొందినవాళ్లు నూటికి పదిమంది. సున్నా కాదు. ప్రకటనలు చెప్పినంతా కాదు.

ఈ మందుకు అసలు చోటే లేదని నేననను. కీమోథెరపీలో ఏ మందుకూ ఆగని వాంతులు, చిన్నపిల్లల్లో లొంగని కొన్ని రకాల మూర్ఛలకు శుద్ధమైన సీబీడీ (2018లో అమెరికా ఆమోదించింది), మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బులో కండరాలు బిగుసుకుపోవడం, చివరి దశ క్యాన్సర్. అక్కడ తూకం వేరు. ఆర్నెల్లు ప్రశాంతంగా గడవాల్సిన మనిషి దగ్గర పదేళ్ల తర్వాతి రక్తనాళాల గురించి మాట్లాడటం అర్థం లేనిది. గుండెపోటు వచ్చి కొద్ది నెలలే అయినవాళ్లు, స్టెంట్ కొత్తగా పడినవాళ్లు, లయ తప్పిన చరిత్ర ఉన్నవాళ్లు, గుండె బలహీనపడి ఆయాసపడేవాళ్లు, నిలబడితే బీపీ పడిపోయేవాళ్లు మాత్రం నొప్పికీ నిద్రకూ దీని జోలికి పోకూడదు. అంతే, దీనిలో 'కానీ' లేదు.

మిగిలినవాళ్లలో ఎవరైనా డాక్టరు పర్యవేక్షణలో వాడాల్సే వస్తే చేయాల్సిన పని ఇది. ముందు ఒక ఈసీజీ. ఇంట్లో బీపీ మిషన్‌తో ఐదు నిమిషాలు పడుకుని ఒకసారి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మరోసారి చూసుకోవాలి. పై అంకె 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే మొదలుపెట్టొద్దు. మందుల పట్టీలన్నీ సంచిలో వేసుకుని గుండె డాక్టరుకే చూపాలి, నూనె రాసిన డాక్టరుకు మాత్రమే కాదు. పొగ వద్దు. టీహెచ్‌సీ 2.5 మి.గ్రా. మించకుండా రాత్రి పడుకునే ముందు, ఇంట్లో ఇంకొకరు ఉన్న రోజు. ఏమీ తెలియకపోయినా మరుసటి రాత్రి దాకా రెండోసారి ముట్టొద్దు. రాత్రి బాత్రూముకు లేస్తే మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని లేవాలి. మద్యంతో కలపొద్దు. కొండ నడిచే రోజున, ముందురోజు రాత్రిన వద్దు. రెండు వారాల్లో నొప్పి అంకెల్లో తగ్గకపోతే (పదికి ఎంత అని రాసుకుంటూ) ఆపేయండి. పనిచేయని మందుకు ముప్పు మాత్రం మిగులుతుంది.

తిరుపతి బర్డ్ ఎముకల ఆసుపత్రిలోనో మరోచోటో మోకాలి మార్పిడికి వెళ్లేవాళ్లు మత్తు డాక్టరుకు ఈ సంగతి దాచొద్దు. అమెరికాలో మత్తు వైద్యుల సంఘం ఒకటి 2023లో ఇచ్చిన సూచనల్లో, ఆపరేషనుకు ముందు ప్రతి రోగినీ గంజాయి గురించి అడగాలనీ, పొగ తాగి రెండు గంటలైనా కాకుండా తొందరలేని ఆపరేషన్ చేయొద్దనీ ఉంది. కారణం గుండెపోటు ముప్పే. రోజూ వాడేవాళ్లకు మత్తు మోతాదు, ఆపరేషన్ తర్వాత నొప్పి మందు మోతాదు కూడా మారొచ్చు. మనవాళ్లు అడిగినా చెప్పరు, కొడుకు పరువు పోతుందని.

అదే దాపరికం ఛాతీ నొప్పి వచ్చిన రాత్రి ఇంకా ఖరీదవుతుంది. ఛాతీ బిగపట్టి, ఎడమ చెయ్యో దవడో లాగుతూ, చెమటలు పడితే 'గమ్మీ ఎక్కువైనట్టుంది, పడుకుంటే దిగుతుంది' అని కాలయాపన చేయొద్దు. గంజాయి తెచ్చే దడ, భయం కూడా ఇట్లే ఉంటాయి, ఇంట్లో కూర్చుని తేడా చెప్పడం డాక్టరుకూ చేతకాదు. తేల్చేది ఈసీజీయే. 108కి ఫోన్ చేయండి. ఆస్పిరిన్ పడనివాళ్లు కాకపోతే 300 మి.గ్రా. ఆస్పిరిన్ నమిలి మింగించండి. తిరుపతిలో అయితే రుయా, స్విమ్స్ దగ్గరే. చిత్తూరు నుంచి అయితే తిరుపతి 70 కిలోమీటర్లు, చాలామంది నేరుగా కారెక్కి అక్కడికో వేలూరుకో బయలుదేరతారు. అది పొరపాటు. ముందు చిత్తూరు జిల్లా ఆసుపత్రిలో ఈసీజీ తీయించుకుని, అవసరమైతే గడ్డ కరిగించే ఇంజక్షన్ అక్కడే వేయించుకుని ఆపైన కదలాలి. డ్యూటీ డాక్టరుకు నాలుగు విషయాలు చెప్పండి: ఏ సరుకు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని గంటలకు, తిన్నారా తాగారా. ఆయన పోలీసు కాదు. సీసా గానీ గమ్మీల డబ్బా గానీ ఉంటే చేతపట్టుకుని వెళ్లండి, లేబులు ఆయనే చదువుకుంటాడు.